పది టైర్ల 2518 చూస్తున్న, ఇంజన్ బోరుకొచ్చిందా (సిలిండర్లు లోపల అరిగినయా) లేదా ఎట్ల తెల్సుకోవాలె?

హాలియా డ్రైవర్:

అన్నలందరికి నమస్తే. మాది హాలియా దగ్గర. ఇన్నేండ్లు సేట్ల బండ్లే తోలిన, మిర్యాలగూడ మిల్లుల బియ్యం, వాడపల్లి మేళ్లచెరువు దిక్కు సిమెంటు, ఎక్కువ ఇవే లైన్లు. ఇప్పుడు సొంతంగ ఒకటి తీస్కుందామని చూస్తున్న. టాటా 2518, పది టైర్లు, 2015 మోడల్, కమ్మిన్స్ ఇంజన్, బిఎస్3 (పొగ మీద సర్కారు పెట్టిన రూలు). ఓనరు సూర్యాపేట దిక్కు, మధ్యల బ్రోకర్ ఉన్నడు. పదకొండున్నర లక్షలు చెప్తుండు, కూసొని మాట్లాడితే పదకొండుకు వస్తడట.

ఒకసారి పోయి చూసిన. బాడీ మంచిగున్నది, ముందటి టైర్లు కొత్తయి, వెనకవి రీట్రేడ్. ఇంజన్ అయితే కడిగి పెయింట్ వేసి తళతళ మెరుస్తున్నది. మొన్ననే ఫుల్ ఇంజన్ పని చేపిచ్చినం, ఐదేండ్ల దాక పానా పెట్టే పని లేదు అంటుండ్రు. నేను పోయెసరికే స్టార్ట్ చేసి పెట్టిండ్రు, సౌండ్ బాగనే అనిపిచ్చింది, అటు ఇటు తిప్పి చూసిన గానీ ఖాళీ బండి, పొగ పెద్దగ కనపడలే.

గేర్ బాక్సు, హౌసింగ్ (వెనక ఇరుసుల గేర్లు) సౌండ్ చెవిల పడితే నేను చెప్పగల్గుత. ఇంజన్ లోపలి సంగతి మాత్రం అంతగ తెల్వదు. డ్రైవర్‌గ ఉన్నన్ని రోజులు బండి ఆగితే సేటుకు ఫోన్ చేసేది, ఇప్పుడు ఆ ఫోన్ నాకే వస్తది. ఫైనాన్స్ మీద కొంటున్న, కొన్న నెలకే ఇంజన్ దించాల్సొస్తే కిస్తీ కట్టేదెట్ల. మెకానిక్‌ని తోలుకొస్త అంటె బ్రోకరే మన మనిషి ఉన్నడు అంటుండు, ఆ మనిషి ఎవల మనిషో నాకెర్కనే. ఏమేం చూడాలె, ఏమేం అడగాలె, జెర ఇడమర్చి చెప్పుండ్రి.

పంపు షాపు, జడ్చర్ల:

తమ్మీ, నువ్వు పోయెసరికే ఇంజన్ నడుస్తున్నదంటే నువ్వు బండి ఇంకా చూడనట్టే. వేడెక్కిన ఇంజన్ సగం రోగాలు దాస్తది. మల్ల పో, పొద్దుగాల్నే పో, నేను వచ్చేదాక సెల్ఫ్ కొట్టొద్దని ముందుగాల్నే చెప్పు. పోంగనే ముచ్చట్లల్ల పడకుండ క్యాబిన్ లేపిచ్చి (లాకు పడ్డదా లేదా చూసి తల పెట్టు) హెడ్ మీద, రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టు. ఎచ్చగ తగిలితే వాపస్ రా, చాయ్ కూడ తాగకు.

సల్లగున్నప్పుడు చేసే పనే మస్తుంటది. రేడియేటర్ మూత ఇప్పుడే తియ్యాలె, వేడి మీద తీస్తే మొఖం కాలుతది. లోపల నీళ్లు చూడు. కూలెంట్ రంగుంటే సంతోషం. ఎర్రగ తుప్పు నీళ్లుంటే ఉత్త నీళ్లే పోసుకుంట నడిపిచ్చిండ్రు. మన దిక్కు బోరు నీళ్లల్ల సున్నమెంతో నీకు చెప్పేదేమున్నది, నీళ్లు కాగబెట్టే గిన్నెకు అడుగున తెల్లగ ఎట్ల పేరుకుంటదో రేడియేటర్ ట్యూబులల్ల, బ్లాకుల నీళ్ల దారులల్ల గూడ అట్లనే పేరుకుంటది. నీళ్ల మీద ఆయిల్ తెట్టు తేలితే హెడ్ గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ లీకున్నట్టు.

తర్వాత డిప్‌స్టిక్ గుంజు. ఆయిల్ తెల్లబడి చిక్కగుంటే నీళ్లు కలుస్తున్నయి. లెవెల్ గుర్తు దాటి పైకున్నది, వాసన చూస్తే డీజిల్ కొడ్తున్నది అంటే డీజిల్ పంపు నుంచో, సిలిండర్ల డీజిల్ చిమ్మే నాజిల్ నుంచో డీజిల్ కిందికి దిగుతున్నది. నల్లగుంటే భయపడకు, డీజిల్ ఇంజన్ల ఆయిల్ నల్లగనే ఉంటది. తేనె రంగుల నిన్ననే పోసినట్టున్నదంటేనే నాకు అనుమానం. అమ్మే ముంగట చిక్కటి ఆయిల్ పోసి పైనుంచి డబ్బా మందు ఒకటి కలుపుతరు, పొగ తగ్గుతది, ప్రెషర్ కాంటా లేస్తది, సౌండ్ మెత్తబడ్తది. రెండు వేళ్ల మధ్యల రుద్దితే తీగ సాగుతది. ఆ మందు ఎక్కువ రోజులు పని చెయ్యదు గానీ బేరం అయ్యేదాక చేస్తే వాళ్లకు సాలు.

ఇగ సెల్ఫ్ కొట్టమను, నువ్వు సైలెన్సర్ దిక్కు నిలబడు. ఈ కమ్మిన్స్ 6బిటి ఇంజన్‌కు హీటర్ ప్లగ్గులుండయి, మన ఎండలకు అవసరం గూడ లేదు, మంచి ఇంజన్ అయితే అర సెల్ఫ్‌కే అందుకుంటది. మొదలు తెల్ల పొగ కొంచెం వచ్చి పోతే ఏం గాదు. పోకుండ అట్లనే వచ్చుకుంట కండ్లు మండితే డీజిల్ సక్కగ కాలుతలేదు, కంప్రెషన్ తక్కువున్నది లేకుంటె నాజిల్ కారుతున్నది. పూర్తిగ వేడెక్కినంక గూడ తెల్ల ఆవిరి ఆగకపోతె నీళ్లు లోపలికి పోతున్నయి. నీలం పొగ అంటే ఆయిల్ తింటున్నది, రింగులో వాల్వ్ గైడ్లో టర్బో సీలో. నల్ల పొగ డీజిల్ ఎక్కువై గాలి తక్కువైతే వస్తది, ఒక్కోసారి ఎయిర్ ఫిల్టర్ మారిస్తేనే పోతది, దాన్ని చూసి బండి ఇడిచిపెట్టకు. నీలం పొగ చూస్తే మాత్రం బేరం ఆడ ఆపు.

అందరు చెప్పేది బ్యాక్ కంప్రెషన్, అంటే రింగులు దాటి ఇంజన్ కిందికి దిగే గాలి. ఇంజన్ వేడైనంక ఐడిల్ల పెట్టి ఆయిల్ పోసే మూత ఇప్పి తిరగేసి అదే రంధ్రం మీద ఉత్తగ పెట్టు. టర్బో ఇంజన్ కాబట్టి కొంచెం అదురుతది, అది మామూలే. ఎగిరి పక్కన పడ్డా, రంధ్రంల నుంచి పొగ బుసబుస కొట్టినా రింగులు, బోరు అరిగినయి. ఒక్క తాళంల కొట్టి ఆగి కొట్టి ఆగి వస్తుంటే ఒక్క సిలిండర్ దగ్గర్నే తేడా ఉండొచ్చు. బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే పైపు) కింద గూడ చూడు, ఆడ కొత్తగ ఆయిల్ కారుతుందా అని. కానీ తమ్మీ, అన్నిటికీ బోరే అనుకోవద్దు, బ్రేకుల ఎయిర్ కంప్రెసర్ రింగులు పోయినా ఆ గాలంత ఇంజన్లకే వస్తది, టర్బో సీలు పోయినా అంతే. అందుకే ఎయిర్ ట్యాంకు కింద డ్రెయిన్ గుంజి చూడు. నీళ్లు రావుడు మామూలే, నీళ్లతోని ఆయిల్ గూడ కారుతుంటే కంప్రెసర్ పోయింది. కంప్రెసర్ పని చిన్న ఖర్చు, బోరు పని పెద్ద ఖర్చు, రెంటికి తేడా తెల్వక మస్తు మంది మంచి ఇంజన్లు దించిండ్రు.

టర్బో దగ్గర ఎయిర్ ఫిల్టర్ నుంచి వచ్చే పైపు ఇప్పి, ఇంజన్ బందు పెట్టినంకనే, లోపలి ఫ్యాను వేలితోని కదిలియ్యి. పక్కకు సన్నగ ఊగుతది, ఆయిల్ లేకుంటె ఆమాత్రం ఉంటది. ముందుకు వెనకకు ఆడితే, రెక్కలు బాడీకి తాకిన గీతలుంటే టర్బో అయిపోయింది.

ఆయిల్ ప్రెషర్‌కు క్యాబిన్ల కాంటాని నమ్మకు. నీతోని వచ్చే మెకానిక్ ఆయిల్ స్విచ్ తీసి ఆ జాగల సొంత మీటర్ పెట్టాలె. 6బిటికి పూర్తి వేడి మీద ఐడిల్ల 10 పిఎస్ఐ, ఫుల్ రేసుల 30 పిఎస్ఐ, ఇది కంపెనీ చెప్పే ఆఖరి హద్దు, మంచి ఇంజన్ ఇంతకు మస్తు మీద ఉంటది. సల్లగున్నప్పుడు ఎంత చూపిచ్చినా లెక్కలకు రాదు.

ఇంకోటి. బండి గంట నడిపి బందు పెట్టి పది నిమిషాలు ఆగి మల్ల స్టార్ట్ చెయ్యి. పొద్దుగాల ఒక్క సెల్ఫ్‌కే అయిన బండి వేడి మీద గిర్రున తిరుగుతనే ఉండి అందుకోకపోతె పంపు లోపల అరిగింది, డీజిల్ పల్చబడి లీకైపోతది. ఇది చానా మంది చూడరు, నా షాపుకు వచ్చేటివి సగం ఇసొంటియే.

పాలమూరు ఓనర్:

పంపు షాపు అన్న చెప్పింది కరెక్టే గానీ నాకు అసలు డౌటు "ఫుల్ ఇంజన్ పని చేపిచ్చినం" అన్న మాట మీదనే. ఇంత ఖర్చు పెట్టి కొత్తగ ఇంజన్ చేపిచ్చినోడు వెంటనే బండి ఎందుకు అమ్ముతడు, ఐదేండ్లు సంపాయించుకుంటడు గానీ. కిస్తీలు కట్టలేక అమ్మేటోళ్లుంటరు, కాదంట లేను, కానీ వాళ్ల దగ్గర బిల్లులుంటయి. బిల్లు లేని ఇంజన్ పనికి నేను రూపాయి ఇలువ కట్ట.

బిల్లులల్ల ఏం చూడాల్నో గూడ చెప్త. కమ్మిన్స్ 6బిటికి లైనర్లు (తీసి మార్చే సిలిండర్ గొట్టాలు) ఉండయి, బ్లాకుల్నే బోరు ఉంటది. అరిగితే బోరింగ్ షాపుల పెంచి పెద్ద పిస్టన్లు ఎయ్యాలె. మొదటిసారి 0.50 ఎంఎం, రెండోసారి 1.00 ఎంఎం, అంతే. ఆ తర్వాత బ్లాకుకు స్లీవ్ కొట్టియ్యాలె లేకుంటె బ్లాకే మార్చాలె. అందుకే ఏ సైజుల ఉన్నది అన్నది మొదటి సవాలు. స్టాండర్డ్ సైజుల ఉన్నదంటే ఇంకా రెండుసార్లు బోరు పెంచొచ్చు. 1.00 అయిపోయిందంటే అదే ఆఖరు, దానికి తగ్గట్టు ధర దిగాలె. క్రాంకు గూడ ఇట్లనే, గ్రైండింగ్ టెన్ సైజా ట్వంటీయా థర్టీయా (అంగుళంల వెయ్యో వంతుల లెక్క) అడుగు. నిజంగ పని చేపిచ్చినోడు టకటక చెప్తడు, బోరింగ్ షాపు ఎక్కడున్నదో గూడ చెప్తడు, నువ్వు ఆ షాపుకు ఫోన్ కొట్టొచ్చు.

ఎక్కువ ఏమైతదంటే ఉత్త రింగులు, గ్యాస్కెట్ సెట్టు, బిగ్ ఎండ్ బేరింగులు ఏసి ఫుల్ పని అంటరు. అరిగిన బోరుల కొత్త రింగులేస్తే కొన్ని ట్రిప్పులు కొట్టుకుపోతది, మల్ల మొదటికొస్తది. మూత ఎగిరిందని నువ్వు అడిగితే "కొత్త రింగులు కదా ఇంకా సెట్ కాలే, లోడ్ మీద నాలుగు ట్రిప్పులు తిరిగితే సెట్టైతది" అంటడు. కొత్త రింగులకు కొంచెం టైం పట్టుడు నిజమే, అందుకే ఆ మాట బాగ పనికొస్తది వాళ్లకు.

నన్నడిగితే, బోరుకొచ్చింది అన్నా, చూసుకొని తీస్కో అని నిజం చెప్పి ధర తగ్గించి ఇచ్చే బండే నయం. నీ ముంగట నీ మెకానిక్ తోని నువ్వే పని చేపిచ్చుకుంటవు, లోపల ఏమున్నదో నీకు తెలుస్తది.

ఇంకో సంగతి, బ్లాకు మీద ఇంజన్ నంబర్ ఆర్సీతోని కలిపి చూడు. ఖరాబైన ఇంజన్ తీసి పడేసి స్క్రాప్ బండి ఇంజన్ ఎక్కిచ్చినోళ్లున్నరు. ఇంజన్ మారిస్తే ఆర్టీఏ ఆఫీసుల చెప్పి ఆర్సీల ఎక్కియ్యాలె, ఎక్కియ్యకుంటె రేపు ఫిట్‌నెస్ కాడ, ఇన్సూరెన్స్ క్లెయిం కాడ నువ్వే ఇరుక్కుంటవు. నంబర్ ఉన్న జాగల గ్రైండింగ్ చేసిన మరక, కొత్త పెయింటు ఉంటే ఇగ ముంగటికి పోకు.

కోదాడ పన్నెండు టైర్లు:

ఖాళీ బండి తిప్పి ఇంజన్ చూసిన అంటే నవ్వొస్తది బాబాయ్, తప్పుగా అనుకోవద్దు. ఖాళీ మీద అరిగిన ఇంజన్ కూడా గుర్రం లాగే పోతుంది. లోడ్ మీద చూడాలి. వాళ్ల బండి ఎలాగూ సిమెంటుకో ధాన్యానికో తిరుగుతుంది కదా, లోడ్ ఉన్న రోజు చెప్పండి నేను క్యాబిన్‌లో కూర్చుని వస్తా అని అడగండి. కాదంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే. మీ దిక్కే సాగర్‌లో పైలాన్ కాలనీ నుంచి హిల్ కాలనీకి ఎక్కించి చూడొచ్చు, పాలమూరు దిక్కు వాళ్లయితే అచ్చంపేట దాటి మన్ననూర్ మీదుగా శ్రీశైలం రోడ్డు ఎక్కిస్తే ఇంజన్ ఏంటో మొత్తం బయట పడుతుంది.

లోడ్ మీద చూడాల్సింది, పై గేర్‌లో 1200 ఆర్పిఎం దగ్గర ఉన్నప్పుడు కాలు పూర్తిగా తొక్కి పెట్టండి. గేర్ దించకుండా మెల్లగా అయినా లాగుతూ పైకి వస్తుందా, లేక నల్లగా పొగ ఎగజిమ్మి అక్కడే నిలబడుతుందా. టర్బో సన్నగా ఈల వేయాలి, కీచుమంటే అనుమానించాలి. టెంపరేచర్ కాంటా మీద ఒక కన్నుండాలి, మధ్యలో నిలబడితే సరే, ఎత్తు ఎక్కుతుంటే పెరిగి దిగుతుంటే తగ్గుతుంటే రేడియేటరో ఫ్యానో నీళ్ల పంపో.

ఇందులో ఒక మోసం ఉంది. బండి వేడెక్కుతుంటే చాలామంది థర్మోస్టాట్ వాల్వు తీసి పారేస్తారు. మన దగ్గర చలి ఎక్కడుంది దాంతో పనేంటి అంటారు. అది తీసేస్తే ఇంజన్ ఎప్పుడూ కావాల్సిన వేడికి రాదు, డీజిల్ ఎక్కువ తాగుతుంది, బోరు తొందరగా అరుగుతుంది. పట్టుకోవడం చాలా తేలిక. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి పెట్టి ఉంచండి, ఫ్యానుకు దూరంగా. వాల్వు ఉంటే పైపు చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారి వేడెక్కుతుంది. మొదటి నుంచీ ఇంజన్‌తో పాటు కొంచెం కొంచెం వెచ్చబడుతుంటే లోపల వాల్వు లేదు. ఎందుకు తీశారు అని అడగండి, ఏం చెప్తాడో వినండి.

అన్నిటికంటే ముందు ఆ బండి డ్రైవర్‌ని పట్టుకోండి. ఓనర్ లేనప్పుడు, టీ దగ్గర. బండి ఎట్లుంది అని అడిగితే బాగుంది అంటాడు. ట్రిప్పుకు ఎంత ఆయిల్ పోస్తున్నావు అని అడగండి. క్యాబిన్‌లో సీటు వెనకాల ఆయిల్ డబ్బా ఎంత ఖాళీ అయిందో కూడా చూడండి. మీరూ డ్రైవరే కాబట్టి మీకు చెప్తాడు, ఓనర్లకు చెప్పడు.

దేవరకొండ:

మధ్యల అడుగుతున్నందుకు ఏమనుకోవద్దు. నేను 2018 బండి ఒకటి, 2021 బండి ఒకటి చూస్తున్న, రెండు గూడ సెన్సార్లయి (కంప్యూటర్‌తోని నడిచే ఇంజన్లు). వీటికి గూడ మూత తీసి చూసుడేనా? మా దగ్గర ఒక మెకానిక్ ఒక్కొక్క నాజిల్ పైపు లూజు చేసి ఏ సిలిండర్ పని చేస్తలేదో చెప్త అంటుండు.

పంపు షాపు, జడ్చర్ల:

ఆ మెకానిక్‌ని బండి దగ్గరికి రానియ్యకు. పైపు లూజు చేసి చూసుడు పాత మెకానికల్ పంపు బండ్లకు, అంటే పైన తమ్ముడు చూస్తున్న బిఎస్3 అసొంటిదానికి. పైపు లూజు చేస్తే సౌండ్ మారాలె, మారకుంటె ఆ సిలిండర్ పని చేస్తలేనట్టు. ఈ సెన్సార్ బండ్ల కామన్ రైల్ల (అన్ని నాజిళ్లకు డీజిల్ ఇచ్చే ఒక్కటే పైపు) 1600 బార్, కొన్నిట్ల అంతకంటె ఎక్కువ ప్రెషర్ ఉంటది, ఇంజన్ నడుస్తుండంగ పైపు ఇప్పితే ఆ డీజిల్ తోలు చీల్చుకొని చెయ్యి లోపలికి పోతది, ఆపరేషనే దిక్కు. చేతులు పోగొట్టుకున్నోళ్లున్నరు.

సెన్సార్ బండ్లకు బ్యాక్ కంప్రెషన్, పొగ, నీళ్లు, ప్రెషర్ అన్నీ పైన చెప్పినట్టే. దాని మీద స్కానర్ పెట్టియ్యాలె. బిఎస్4 2017 ఏప్రిల్ 1 నుంచి, బిఎస్6 2020 ఏప్రిల్ 1 నుంచి. నీ 2018ది బిఎస్4, కంపెనీని బట్టి పొగ శుభ్రం చేసే యూరియా ట్యాంకు ఉండొచ్చు, ఇజిఆర్ (కొంత పొగను మల్ల ఇంజన్లకే పంపేది) మాత్రమే ఉండొచ్చు. 2021ది బిఎస్6, దానికి సైలెన్సర్ల మసి పట్టే డిపిఎఫ్ గూడ ఉంటది. ఈడ చేసే మోసం ఏందంటే యూరియా ఖర్చు మిగుల్తదని బైపాస్ బాక్సు పెట్టి కంప్యూటర్‌ని మభ్యపెడ్తరు. యూరియా ట్యాంకు ఎండిపోయి తెల్లగ ఉప్పు గట్టి ఉంటే, అయినా క్యాబిన్ల ఏ లైటు రాకపోతె అదే. తాళం తిప్పంగనే ఇంజన్ లైటు వెలగాలె, స్టార్ట్ అయినంక ఆరాలె. మొత్తానికే వెలగకుంటె ఎవడో బల్బు పీకిండు.

కంపెనీ సర్వీస్ సెంటర్ల చాసిస్ నంబర్ చెప్తే పాత సర్వీసులు చూస్తరు, ఓనర్ పక్కన ఉంటే తేలిక. కంప్యూటర్ల మొత్తం కిలోమీటర్లు, ఇంజన్ గంటలు గూడ చాన బండ్లకు ఉంటయి, మీటర్‌తోని కలిపి చూస్తే ఎంత తిప్పిండ్రో తెలుస్తది. నాజిళ్లకు రిటర్న్ టెస్టు చేపియ్యి, ఆరు గిన్నెలు పెట్టి ఏ నాజిల్ నుంచి డీజిల్ ఎక్కువ వాపస్ వస్తుందో కొలుస్తరు. ఒక్క కామన్ రైల్ నాజిల్ ధర అడుగు, నిద్ర పట్టదు.

హాలియా డ్రైవర్:

అన్నలు మీరు చెప్పినట్టే మల్ల పోయిన. మిర్యాలగూడ నుంచి నాకు ఎర్కున్న మెకానిక్ కాకను తోలుకపోయిన, బ్రోకర్ మొఖం మాడ్చుకున్నడు గానీ ఏమనలే. చీకటితోనే పోయినం, ఇంజన్ సల్లగనే ఉన్నది. మూడో సెల్ఫ్‌కు అందుకున్నది. తెల్ల పొగ చానసేపు ఆగలే, కండ్లు మండినయి.

డిప్‌స్టిక్ గుంజితే మా కాక చూడకముందే నవ్విండు. తేనె రంగు, వేళ్ల మధ్యల జిగట. రేడియేటర్ల ఎర్ర నీళ్లు. పై పైపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డ, కోదాడ అన్న చెప్పినట్టు మొదటి నుంచే ఎచ్చబడుకుంట వచ్చింది, వాల్వు తీసేసిండ్రు. ఎందుకు తీసిండ్రని అడిగితే ఓనర్ ఆళ్ల మెకానిక్ దిక్కు చూసిండు, ఆయన బ్రోకర్ దిక్కు చూసిండు.

లోడ్ మీద వస్త అంటె మొదలు వద్దన్నరు, మల్ల ఏమనుకున్నరో మేళ్లచెరువుల సిమెంటు ఎక్కిచ్చి సూర్యాపేటకు పోయేది ఉన్నది రా అన్నరు. నేనే తోలిన. కోదాడ దాక ఏం లేదు, హైవే ఎక్కి ఎండ మీదికొచ్చినంక టెంపరేచర్ కాంటా మెల్లగ లేసుకుంట పోయింది. వాల్వు లేకుండనే వేడెక్కుతుందంటే రేడియేటర్ మొత్తం సున్నం పట్టిందని కాక అన్నడు. పక్కకు ఆపి మూత తిరగేసి పెడితే నిలబడలే, జారి కింద పడ్డది. ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ గుంజితే ఉత్త నీళ్లే వచ్చినయి, ఆయిల్ లేదు. కాక మీటర్ పెడితే వేడి మీద ఐడిల్ల 8, 9 పిఎస్ఐ మధ్యల ఊగుతున్నది, అంత చిక్కటి ఆయిల్ పోసినా గూడ.

బిల్లులు అడిగితే ఒక తెల్ల కాగితం ఇచ్చిండ్రు, రింగ్ సెట్టు, గ్యాస్కెట్ సెట్టు, బేరింగులు అని పెన్నుతోని రాసున్నది, షాపు పేరు లేదు, బోరింగ్ అన్న మాటే లేదు. ఆ బండి డ్రైవర్‌ను పక్కకు తీస్కపోయి అడిగిన, ఇంజన్ పని కంటె ముందు ట్రిప్పుకు రెండు లీటర్లు పోసేటోడట, ఇప్పుడు పోసుడు బందైందా అంటె తగ్గింది అన్నడు, బందైంది అనలే. ఇప్పుడు బ్రోకర్ పదింబావుకు వచ్చిండు. బాడీ, ఛాసిస్ నిజంగ బాగున్నయి, మనసు గుంజుతున్నది. ఏమంటరు?

పంపు షాపు, జడ్చర్ల:

నీ కాక హుషారు మనిషి. కంప్రెసర్ మంచిగుండి మూత జారిపడ్డదంటే ఇగ బోరే. వేడి మీద పది లోపల ప్రెషర్ అంటే క్రాంకు, బేరింగుల కాడ సందు పెరిగింది, కొత్త బేరింగులు ఏసినా అరిగిన క్రాంకు మీదనే ఏసిండ్రు. ఈ ఇంజన్ దించుడు ఖాయం, ఎప్పుడన్నదే బాకీ.

లెక్క ఏసుకో. బోరింగ్, పిస్టన్లు, క్రాంకు గ్రైండింగ్, బేరింగులు, హెడ్ పని, ఆయిల్ పంపు, ఇది మొదలు. ఇంజన్ దించినంక పంపు, నాజిళ్లు చెక్ చేపియ్యకుండ ఎక్కిచ్చుడు తెలివి తక్కువ పని, టర్బో గూడ చూస్తవు. రేడియేటర్ కోరు కొత్తది. అన్నీ కలిపితే రెండున్నర దాటుతది, బోరు ఇప్పటికే 1.00ల ఉండి స్లీవ్ కొట్టియ్యాల్సొస్తే ఇంకా పెరుగుతది. దాని మీద బండి నిలబడ్డ రోజులకు కిరాయి పోతది, కిస్తీ ఆగదు. ఛాసిస్ అంత బాగుంటే ఎనిమిదిన్నరకు దిగితే తీస్కొని నువ్వే పని చేపియ్యి, నేనైతే తీస్కుంట. పదింబావు అయితే వద్దు.

పాలమూరు ఓనర్:

నేను అన్నతోని ఒప్పుకోను. ధర ఎంత దించినా ఇంజన్ మీద అబద్ధం చెప్పినోడు హౌసింగ్ మీద, పేపర్ల మీద నిజం చెప్తడని ఏం నమ్మకం. ఫైనాన్స్ మీద కొనే మొదటి బండి, అందుల చేతిల రెండున్నర లక్షలు విడిగ పట్టుకొని కూసుంటేనే ఈ పని పెట్టుకో. ఫైనాన్స్ కంపెనీ బండికి అప్పు ఇస్తది గానీ ఇంజన్ పనికి ఇయ్యదు.

అయినా తీస్కుంటనంటె హైపోతికేషన్ (ఆర్సీ మీద ఫైనాన్స్ అప్పు) ఉన్నదా చూడు, ఉంటే ఫారం 35 (అప్పు తీరిందని ఇచ్చే కాగితం), ఫైనాన్స్ వాళ్ల ఎన్ఓసి లేకుండ బయానా ఇయ్యకు. చలాన్లు, ట్యాక్సు బాకీలు చూడు. ఎనిమిదేండ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఏటేటా చేపియ్యాలె, ఎన్నటి దాక ఉన్నదో చూడు. నేషనల్ పర్మిట్ మల్టీ ఆక్సిల్‌కు (రెండు కంటె ఎక్కువ ఇరుసులున్న బండికి) 15 ఏండ్ల దాక్నే, అంటే ఈ బండికి 2030 దాక. పని చేపిచ్చి ఎన్నేండ్లు తింటవో ఆ లెక్క గూడ కలుపు.

కోదాడ పన్నెండు టైర్లు:

పాలమూరు అన్న మాటే నాదీను. ఒకవేళ బేరం సాగితే ఆయిల్ ఫిల్టర్ ఒకటి విప్పించి కోసి చూడండి, మడతల్లో మెరిసే రజను ఉంటే బేరింగులు రాలుతున్నట్టు. అది కనపడితే ఎనిమిదిన్నర కూడా ఎక్కువే.

హాలియా డ్రైవర్:

పొద్దున బ్రోకర్ మల్ల ఫోన్ చేసిండు, తొమ్మిదిన్నరకు ఇప్పిస్త, బయానా పట్టుకొని రమ్మన్నడు. బోరు ఏ సైజుల ఉన్నదో బోరింగ్ షాపు కాగితం మీద రాపిచ్చి చూపెడితే మాట్లాడుకుందాం, లేకుంటె ఎనిమిదిన్నర అన్న. సైజులు గీజులు నాకు తెల్వదు ఇష్టముంటే తీస్కో అని కట్ చేసిండు. ఇడిచిపెట్టిన. నేరేడుచర్లల ఇంకో బండి ఉన్నదట, లేలాండ్ 2516, ఓనరే తోలుకుంటున్నడు, బ్రోకర్ లేడు, ఇంజన్ ఆయిల్ తింటదని ముందే చెప్తున్నడు. ఆదివారం పొద్దుగాల్నే పోతున్న. దాని ఇంజన్ మీద పని చేసినోళ్లెవరన్న ఉంటే ఏం చూడాల్నో చెప్పుండ్రి.